మామిడి కాలపు కబురు

ఆ ఏడాది మామిడికాయలన్నీ నేను చెవులతోనే చూశాను. చిత్తూరులో మా ఇల్లు లారీలు తిరిగే రోడ్డు పక్కనే. కాయల లోడుతో పోయే లారీ ఒక రకంగా మూలుగుతుంది, ఖాళీగా తిరిగొచ్చేది ఇంకో రకంగా గలగలలాడుతుంది. లోపలి గదిలో కూర్చుని ఆ చప్పుళ్లు వింటూ కోత ఎంతదాకా వచ్చిందో చెప్పగలిగేదాన్ని. నేను ఇద్దత్‌లో ఉన్నాను మరి. మాలో భర్త పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు, పరాయి మగవాళ్ల కంట పడకూడదు. గాజులు, అత్తరు, సుర్మా అన్నీ పక్కన పెట్టెయ్యాలి. చూడవచ్చినవాళ్లు ఎంత కష్టమమ్మా అన్నారు గానీ నాకేమీ కష్టంగా లేదు. బయటికి వెళ్లాలని ఉంటే కదా కష్టం.

నేను ఏడవలేదు. అది ధైర్యమని కొందరనుకున్నారు, రాతి గుండె అని కొందరనుకున్నారు. రెండూ కాదు. పన్ను పీకే ముందు డాక్టరు సూది వేస్తే దవడ మన దవడలా ఉండదు చూడండి, నాకు ఒళ్లంతా అట్లా ఉండేది. పరామర్శకు వచ్చినవాళ్ల మాటలు వింటూ మనసులో దిద్దుకుంటూ కూర్చునేదాన్ని. "రాసిపెట్టింది ఎవరు తప్పిస్తారు" అని ఎవరైనా అంటే, ఈ వాక్యం పొద్దున కూడా వచ్చింది, కొట్టెయ్యాలి అనుకునేదాన్ని. వృత్తి రోగం.

నా వృత్తి 'కబురు' రాయడం. కిడ్నీలు పాడైన వాళ్లను పల్లెల నుంచి చిత్తూరుకు డయాలసిస్‌కు తీసుకొచ్చి, మళ్లీ వాళ్ల ఇళ్ల ముందు దించే బండి ఒకటి ఉంది. దాన్ని ఒక చిన్న ట్రస్టు నడుపుతుంది. ఆ ట్రస్టుకు విరాళాలిచ్చే వాళ్లకు మేం పంపే నాలుగు పేజీల పత్రికే కబురు. ట్రస్టు చూసుకునే మునిశేఖర్ సార్ బస్సు డిపోలో చేసి రిటైరైన మనిషి. బండి టైముకు బయల్దేరకపోతే ఇప్పటికీ ఆయనకు బీపీ వస్తుంది.

నేను చేరకముందు కబురు శాలువాల కొట్టువాడి కేటలాగులా ఉండేది. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఎవరో ఒకరు ఎవరో ఒకరికి శాలువా కప్పుతూ ఫోటోలు. రోగి ఒక్కడూ కనపడడు. నేను విరాళాలిచ్చే వాళ్లకు ఫోన్లు చేసి చేసి ఏం చదువుతారో, ఏం పారేస్తారో తెలుసుకున్నాను. పెద్దవాళ్లకు సన్న అక్షరాలు కనపడవు, కాబట్టి అక్షరం పెద్దదయింది. 'ఎంతోమందికి సేవలందించాము' అంటే ఎవరికీ ఏమీ కనపడదు. ఒక మనిషిని పట్టుకుని ఆ మనిషి గురించి చెప్పాలి. 'మేము' తగ్గించి 'మీ వల్ల' అనాలి. చివర ఆశగా ఒక మాట ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, పోయినసారి చెప్పిన మనిషి ఏమయ్యాడో ఈసారి చెప్పి తీరాలి. దానికోసం నాలుగో పేజీ అడుగున ఒక శీర్షిక పెట్టాను. 'ఎలా ఉన్నారు?' అని పేరు పెడితే మునిశేఖర్ సార్ ఒప్పుకోలేదు. "మన ఊర్లో ఎవురు మా అట్ల అడిగేది? ఎట్లుండారు అని పెట్టు" అన్నాడు. అట్లే పెట్టాం. చేతికి రాగానే అందరూ పత్రికను వెనక్కి తిప్పి మొదట చదివేది అదే.

ఏడాదికి రెండు సంచికలు, చలికాలంలో ఒకటి, మామిడి కాలంలో ఒకటి. మామిడి సంచిక మీదే బండి బతుకు. చిత్తూరు మనుషుల చేతుల్లో డబ్బు ఆడేది అప్పుడే. తోతాపురి కోత మొదలై, గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరినప్పుడు కబురు వాళ్ల చేతికి అందాలి. కాయలు అయిపోయాక అందితే పకోడీల పొట్లం కట్టుకోవడానికి పనికొస్తుంది.

నా భర్త జుల్ఫికర్ ఆ బండిలోనే తిరిగేవాడు. లారీలకు టార్పాలిన్ పట్టలు కుట్టడం అతని పని, వాళ్ల నాయన పని కూడా అదే. ఒళ్లు సహకరించక మానేసి ఏడాది దాటింది. చలికాలం సంచిక మొదలుపెడుతుంటే పక్కన చేరాడు.

"కోమలి గురించి రాసినావు, మిట్టూరు తాత గురించి రాసినావు. నా గురించి రాయరాదా? నాకేం తక్కువ? రోగం లేదా?"

"సొంత మొగుడి గురించి రాసుకుంటే బాగుండదు."

"మొగుడని ఎందుకు రాస్తావు? పట్టలు కుట్టే జుల్ఫికర్ అని రాయి. ఫోటో మాత్రం బాగా రావాల. గడ్డం దిద్దించుకోని వస్తా."

రాశాను. అతని దబ్బనం గురించి, బొటనవేలి మీద కాసిన కాయ గురించి, లారీ పోతుంటే దూరం నుంచే అది తను కుట్టిన పట్టేనని గుర్తుపట్టే తీరు గురించి రాశాను. మధ్యలో 'ఆయన భార్య టీ తెచ్చి ఇచ్చింది' అని ఒక వాక్యం ఉంది. అది చదివి నవ్వాడు. "ఎవురే ఈ భార్య? మంచి మనిషి మాదిరి ఉండాదే. టీ కూడా పెడతాది!"

చివర ఆశగా ఒక మాట ఉండాలి కదా. 'మామిడి కాలం వచ్చేసరికి జుల్ఫికర్ మళ్లీ లారీలకు పట్టలు కుడుతుంటాడు. మీరున్నారు కనుక' అని ముగించాను. ఆ వాక్యం నాకు చాలా నచ్చింది. జుల్ఫికర్ దాన్ని రెండోసారి పైకి చదివాడు. "ఏందబ్బా, నాకు చెప్పకుండానే నాకు పని ఒప్పుకున్నావే" అన్నాడు.

మామిడి పూత పిందెగా మారే రోజుల్లో అతనికి చలిజ్వరం వచ్చింది. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకిందన్నారు. ఆస్పత్రి నుంచి ఇంటికి ఆరోజు వేరే బండిలో వచ్చాడు.

ఆ తర్వాత ఇంట్లో ఇద్దరం మిగిలాం, నేనూ మా అత్తగారు మహబూబున్నీసా. నేను ఆమెను అమ్మీ అంటాను. మాకు పిల్లల్లేరు. ఇద్దత్‌లో కంప్యూటరు ముందు కూర్చోవడమేంటని చుట్టాల్లో ఎవరో గొణిగితే అమ్మీ వాళ్ల వైపు చూడకుండానే, "కూసునే కదా ఉండాది. యాడికన్నా పోయిందా?" అంది. దాంతో నా పని సాగింది. విరాళాలిచ్చే వాళ్ల ఫోన్లు కూడా ఎప్పటిలాగే నాకే వచ్చేవి.

మొదట చేసింది తిరుపతి నుంచి జ్ఞానాంబ మేడమ్. పెద్ద స్కూలు నడిపి రిటైరైన మనిషి. కబురు మొదలైనప్పటి నుంచీ మాతో ఉంది. కబురులో అచ్చుతప్పులుంటే ఎర్ర ఇంకుతో సున్నాలు చుట్టి తిరుగు టపాలో పంపిస్తుంది. ఎదురుగా ఎప్పుడూ చూడలేదు గానీ ఆమె అంటే నాకు భయం, ఇష్టం రెండూ ఉన్నాయి.

"అమ్మాయ్, కబురు రాసేది నువ్వే కదా? ఆ పట్టలు కుట్టే అబ్బాయి ఎట్లా ఉన్నాడు? ఆ ఫోటో చూసినప్పుడల్లా మా తమ్ముడు గుర్తొస్తాడు."

"బాగున్నాడు మేడమ్."

నోరు దానంతటదే అనేసింది. ఎట్లున్నాడంటే బాగున్నాడనడం దానికి అలవాటు.

"పని మొదలుపెట్టాడా?"

"పెట్టాడు మేడమ్."

"చాలా సంతోషం. మామిడి సంచికలో వివరంగా రాయి. ఎదురుచూస్తుంటా."

ఫోన్ పెట్టేశాక సిగ్గుపడ్డానా అంటే పడలేదు. తిరుపతిలో ఒక ఇంట్లో జుల్ఫికర్ గడ్డం దిద్దించుకుని, కాళ్ల మీద పట్ట పరుచుకుని కుట్టుకుంటున్నాడు. ఉండనీ అనుకున్నాను. ఒక్క ఇంట్లోనైనా ఉండనీ.

కోతలు జోరందుకున్నాయి. కబురులో మూడు పేజీలు పూర్తి చేశాను. మొదటి పేజీ నిండా మళ్లీ కోమలే. యాదమరి పక్క పల్లెలో ఉండే పిల్ల, చంకలో బిడ్డతో బండెక్కుతుంది. ఆమెతో ఫోన్‌లో మాట్లాడి రాశాను. అది రాస్తున్నప్పుడు నా చేతులు ఎప్పటిలాగే చురుగ్గా కదిలాయి. నాలుగో పేజీ అడుగున 'ఎట్లుండారు?' అన్న అక్షరాలూ, వాటి కింద తెల్లటి ఖాళీ. ఆ ఖాళీని రోజూ తెరిచి చూసేదాన్ని, మూసేసేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఇంటి ముందు లారీ ఆగింది. అమ్మీ వరండాలో బియ్యం ఏరుతోంది. నేను తలుపు తెర వెనక ఉన్నాను.

"జుల్ఫికర్ భాయ్ ఇల్లు ఇదేనా మా?"

"ఇదే. ఏం కావాల?"

"కుప్పుస్వామి అన్న పంపించినాడు మా, లారీ ఓనరు. ఆ కబురుకు విరాళం ఇస్తాడు కదా, ఆయన. భాయ్ ఈ సీజన్‌కు మళ్లా పని పడతాడని దాంట్లో ఏసినారంట. పట్ట రెండు సోట్ల సినిగిపోయింది, అంచు కూడా ఊడొచ్చింది. వేరేవాళ్ల కాడికి తీసకపోవద్దు, భాయ్ సేతనే కుట్టించుకోని రా అన్నాడు."

అమ్మీ ఏమంటుందోనని తెర వెనక నిలబడి విన్నాను. చాటలో బియ్యం కదిలే చప్పుడు ఆగింది.

"ఆ మూలకు పెట్టిపో నాయనా" అంది.

"ఎప్పుడు రావాల మా?"

"మీ ఓనరును ఫోను చేయమను."

లారీ వెళ్లిపోయింది. నేను తెర తీసి చూశాను. వరండా సగం ఆ పట్టే ఆక్రమించింది. డీజిలు, దుమ్ము, మామిడి సొన కలిసిన వాసన. జుల్ఫికర్ సాయంత్రం పని నుంచి వస్తే చొక్కా నుంచి అచ్చం ఇదే వాసన వచ్చేది. దీనికైనా ఏడుపొస్తుందేమోనని కాసేపు దాని పక్కన నిలబడి చూశాను. రాలేదు. తుమ్ము వచ్చింది.

"ఎందుకు తీసుకున్నావమ్మీ? ఎవరు కుడతారు?"

"ఇంటికి పని వచ్చింది, వద్దంటామా?" అని మళ్లీ చాట చేతిలోకి తీసుకుంది.

ఆ వారంలోనే మునిశేఖర్ సార్ వచ్చాడు. ఇద్దత్ సంగతి తెలిసిన మనిషి. వరండాలో కుర్చీని రోడ్డు వైపు తిప్పుకుని, తలుపుకు వీపు పెట్టి కూర్చున్నాడు. నేను తెర వెనక నేల మీద కూర్చున్నాను. ఆయన ఏం చెప్పినా లారీలకు చెప్పుకుంటున్నట్టే ఉంది.

"మూడు పేజీలూ బ్రమ్మాండంగా ఉండాయి మా. కోమలిది చదివి మా ఇంట్లో ఆమె కండ్లు తుడుసుకునింది. ఆ నాలుగో పేజీయే అట్లే ఖాళీగా ఉండాది."

"తెలుసు సార్."

"ఈ తూరికి ఆ శీర్షిక తీసేస్తే ఏమైతాది?"

"ముందు తిప్పి చూసేది అదే సార్. లేకపోతే అందరూ ఫోన్లు చేసి అడుగుతారు."

"అదే నేనూ అనుకున్నా. అందుకని నేనే రెండు ముక్కలు రాసుకోనొచ్చినా. సూడు" అని ఒక కాగితం అమ్మీ చేతికిచ్చాడు. అమ్మీ దాన్ని తెర కింద నుంచి లోపలికి తోసింది.

'కిడ్నీ మహమ్మారితో వీరోచితంగా పోరాడి తుదిశ్వాస విడిచిన జుల్ఫికర్ గారి పవిత్రాత్మకు' అని మొదలైంది. నేను అక్కడే ఆగిపోయాను. జుల్ఫికర్ వీరోచితంగా ఎప్పుడు పోరాడాడు? బండెక్కి పోయేవాడు, మంచం మీద పడుకుని ఫోన్‌లో కామెడీలు చూసేవాడు, నర్సమ్మలను నవ్వించి తిట్లు తిని, మళ్లీ బండెక్కి ఇంటికొచ్చి కారంగా ఏమన్నా చేయమని పోరేవాడు.

"బాగలేదు సార్."

"బాగలేదని నాకూ తెలుసు మా. నిన్ను తొందర పెట్టాలని కాదు. కాయలు ఇంకెన్నాళ్లో ఉండవు. ఈ వారంలో ప్రెస్సుకు పోకపోతే ఇంక అచ్చేసి లాభం లేదు. బండి డ్రైవరుకు చెప్పేసినా, ఆగస్టు నుంచి వేరే పని యాడన్నా సూసుకోమని. నీకు చెప్పకుండా ఉండలేకపోయినా."

చెప్పినందుకు నాకు కోపం రాలేదు. భయమూ వేయలేదు. ఆ రెండూ వేరే ఎవరి ఇంట్లోనో జరుగుతున్నట్టున్నాయి. ఆయన కుర్చీని మళ్లీ గోడ వైపు జరిపి వెళ్లిపోయాడు.

సాయంత్రం కోమలి ఫోన్ చేసింది.

"అక్కా, బండి నిలిపేస్తారంట. నిజమేనా?"

"ఎవరు చెప్పారు?"

"డ్రైవరన్న. మా ఊర్లోంచి బస్సెక్కాలంటే రోడ్డు దాకా నడవాల కదక్కా. పొయ్యేటప్పుడు ఎట్లనో పోతా. వచ్చేటప్పుడే, సూదులు తీసినాక కండ్లు బైర్లు కమ్ముతాయి. బిడ్డను ఎత్తుకోని యాడన్నా పడిపోతే?" గొంతు తగ్గించింది. "మా ఆయన అప్పుడే అంటా ఉండాడు, వారానికి ఒకతూరి పోతే సాల్లే అని. ఒకతూరి సాలుతుందా అక్కా?"

"చాలదు" అన్నాను.

"నాకూ తెలుసు" అని పెట్టేసింది.

కంప్యూటరు ముందు కూర్చున్నాను. 'ఆయన భార్య ఈ దుఃఖాన్ని దిగమింగుకుని ధైర్యంగా' అని రాసి కొట్టేశాను. 'ఆయన ఖాళీ చేసిన సీటు మనందరినీ ఒక ప్రశ్న అడుగుతోంది' అని రాసి కొట్టేశాను. 'పట్టలు కుట్టే ఆ చేతులు ఇక' అని రాశాను, అది మరీ బాగుంది, అదీ కొట్టేశాను. అన్నీ ఎవరో ఒకరి కళ్లు తుడిపించగల వాక్యాలే. ఆ భార్య ఎవరో మాత్రం నాకు తెలియలేదు. టీ తెచ్చిన భార్యకు ఇప్పుడు ధైర్యం కూడా తగిలించాను. ఆమె ఏడ్చింది, తేరుకుంది, నిలబడింది. ఇక్కడ నేనేమో పొద్దున పళ్లు తోముకున్నానో లేదో గుర్తు రాక బ్రష్ తడిగా ఉందా అని ముట్టుకుని చూసుకుంటున్నాను.

మర్నాడు నేను లేచేసరికి అమ్మీ వరండాలో పట్ట పరిచేసింది. జుల్ఫికర్ పనిపెట్టె తెరిచి పక్కన పెట్టుకుంది. మా మామగారు ఉన్నప్పుడు ఆమె కూడా కుట్టేదని విన్నాను గానీ చూడలేదు. కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చుకుని, చినుగు మీద గుడ్డ అతికి, దబ్బనం అరచేత్తో నెట్టింది. అది దిగలేదు. ఇంకోసారి నెట్టింది.

"దారం ఎక్కించు, నాకు కనపడటం లేదు" అంది.

గడపకు ఇవతల కూర్చుని దారం ఎక్కించి ఇచ్చాను. ఆ రోజు నుంచి అదే నా పని. ఆమె కుట్టేది, దారం అయిపోతే దబ్బనం గడప దాటి నా వైపు వచ్చేది. నేను ఎక్కించి మళ్లీ అవతలికి ఇచ్చేదాన్ని. ఇద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు.

చూడవచ్చిన చిన్నత్త మెట్ల మీదే నిలబడిపోయింది. "ఇద్దత్ జరుగుతా ఉండే ఇంట్లో ఈ లారీ పట్టలేంది వదినా? నలుగురూ ఏమనుకుంటారు?"

"ఇద్దత్ దానికి" అంది అమ్మీ నా వైపు గడ్డం చూపించి. "కొడుకు పోతే తల్లికి ఇద్దత్ లేదు. నాకు మూడు దినాలే ఇచ్చినారు. అవి ఎప్పుడో అయిపోయినాయి."

చిన్నత్త పట్ట తొక్కకుండా పక్కనుంచి లోపలికి వచ్చి కూర్చుంది. ఆమెకు టీ పెట్టి ఇచ్చాను. అమ్మీ అన్నది మామూలు మాటే, అందరికీ తెలిసిన పద్ధతే. కానీ దాన్ని దిద్దాలని నాకు అనిపించలేదు. ఆ కాలం మొత్తం మీద నేను దిద్దకుండా వదిలేసిన మొదటి వాక్యం అది.

జుల్ఫికర్ ఫోన్ ఇంట్లోనే ఉంది. రీచార్జి అయిపోలేదు, ఎవరూ ఆపలేదు. గురువారం మధ్యాహ్నం అది మోగింది. అమ్మీ చేతులు ఖాళీ లేవు. నేను స్పీకరు నొక్కి గడప మీద పెట్టాను.

"భాయ్, కుప్పుస్వామిని మాట్లాడేది. పట్ట అయ్యిందా?"

అమ్మీ చేయి ఆపలేదు. దబ్బనం అటు దిగి ఇటు వచ్చింది.

"భాయ్ కాదు నాయనా, వాళ్లమ్మను. నా కొడుకు సచ్చిపోయినాడు. పిందెలప్పుడు పోయినాడు. పట్ట నేను కుడతా ఉండా. ఒక పక్క అయిపోయింది. ఎల్లుండి శనివారం మనిషిని పంపించు."

ఆ పక్క ఎక్కడో క్లీనరు ఎవరినో కేకేయడం వినపడింది.

"నాకు తెలీదు మా" అన్నాడు చివరికి. "తెలిసింటే పంపించేవాణ్ణి కాదు. ఆ పేపర్లో బాగుండాడని సదివి... నాకు తెలీదు మా."

"నీకెట్ల తెలుస్తాది? మేం చెప్పల్యా. ఇప్పుడు చెప్పినా కదా. శనివారం పంపించు."

ఫోన్ ఆగిపోయింది. అమ్మీ దబ్బనం నా వైపు జరిపింది. నేను దారం ఎక్కించి ఇచ్చి, లేచి లోపలికి వెళ్లి కూర్చుని రాశాను. సాయంత్రపు అసర్ నమాజుకు అజాన్ వినపడేసరికి అయిపోయింది. ఇది అందులో ఉన్నది:

'పోయిన సంచికలో టార్పాలిన్ పట్టలు కుట్టే జుల్ఫికర్ గురించి రాశాం. మామిడి కాలానికి మళ్లీ పని మొదలుపెడతాడని రాశాం. ఆయన చనిపోయాడు. జ్వరం వచ్చింది, తగ్గలేదు. మీ బండి ఆయన్ను ఏనాడూ ఆలస్యంగా చేర్చలేదు.

'మా మాట నమ్మి ఒకాయన తన లారీ పట్టను ఆయన దగ్గరికి పంపించారు. దాన్ని ఆయన తల్లి మహబూబున్నీసా కుడుతోంది. ఒక పక్క అయిపోయింది.

'ఆయన ఎట్లున్నాడని ఒక మేడమ్ ఫోన్‌లో అడిగితే బాగున్నాడని చెప్పాను. అప్పటికే ఆయన లేడు. పోయిన సంచికలో టీ తెచ్చి ఇచ్చిన భార్యను నేనే. ఈ పత్రిక రాసేదీ నేనే. నా పేరు ఫిర్దోస్.

'బండిలో ఆయన కూర్చునే కిటికీ పక్క సీటులో ఇప్పుడు కోమలి కూర్చుంటోంది. ఆమె గురించి మొదటి పేజీలో ఉంది.'

అమ్మీకి ఉర్దూ చదవడం వచ్చు, తెలుగు రాదు. అచ్చుకు పంపే ముందు ప్రతి సంచికా ఆమెకు చదివి వినిపించడం అలవాటు. ఆరోజు కూడా గడప ఇవతల నుంచి చదివాను. కొడుకు చనిపోయాడన్న చోట ఆమె తల వంచుకునే ఉంది.

"నన్ను ఏమని రాసినావు? ఇంకోతూరి సదువు."

"'ఆయన తల్లి మహబూబున్నీసా కుడుతోంది.'"

"బాగా కుడుతోంది అని రాయాల్సింది" అంది.

మునిశేఖర్ సార్‌కు పంపాను. ఫోన్ చేశాడు.

"చదివినా మా."

"ఊఁ."

"చివర్న ఆశగా ఒక మాట ఉండాలని నువ్వే కదా చెప్తావు. ఒక్కటి... సన్నదైనా..."

"నా దగ్గర లేదు సార్. ఉన్నప్పుడు రాస్తాను."

"విరాళాలు రావేమోనని నా భయం."

"రాకపోవచ్చు సార్."

"సరే మా. ఇట్లే పోనిస్తా" అన్నాడు.

శనివారం లారీ డ్రైవరు వచ్చి పట్ట తీసుకుపోయాడు. ఈసారి చెప్పులు మెట్ల కింద విడిచి పైకి వచ్చాడు. ఆ సోమవారం కబురు టపాలో పడింది. కాయలు ఇంకా ఉన్నాయి. లోడు లారీలు రోడ్డు మీద ఇంకా మూలుగుతూనే ఉన్నాయి.

తర్వాత ఏం జరిగిందో అమ్మీలా సూటిగా చెప్పాలంటే తేలికే. విరాళాలు వచ్చాయి, బండి నిలిచిపోలేదు. వేరే పని వెతుక్కోవద్దని మునిశేఖర్ సార్ డ్రైవరుకు చెప్పాడు. వచ్చే చలికాలం సంచిక దాకా ఢోకా లేదట, ఆ తర్వాతి సంగతి ఆ తర్వాత. కోమలి ఫోన్ చేసి, "బండి వచ్చిందక్కా, కిటికీ పక్కనే కూసున్నా" అని మాత్రం చెప్పింది. కుప్పుస్వామి ఇంకో పట్ట పంపాడు, ఈసారి అమ్మీ పేరు చెప్పి. దాని వెనకే వేరే లారీవాళ్లవీ రెండు వచ్చాయి. మా వరండాలో కాలు పెట్టే చోటు లేకుండా పోయింది. చిన్నత్త ఇప్పుడు వాటి మీదే కూర్చుంటోంది.

వీటిలో దేనికీ నాకు సంతోషం కలగలేదు. ఊరట కూడా కాదు. దారం ఎక్కించి ఇచ్చాను, అంతే.

జ్ఞానాంబ మేడమ్ నుంచి మాత్రం ఏమీ రాలేదు. ఎర్ర సున్నాల కాగితం కూడా రాలేదు. ఆమెకు కోపం వచ్చి ఉంటుందనుకున్నాను. రావాల్సిందే. ఫోన్ చేస్తే ఏం చెప్పాలో మాటలు పేర్చి పెట్టుకున్నాను, అవి కూడా మంచి వాక్యాలే. కాయలన్నీ అయిపోయి, రోడ్డు మీద ఖాళీ లారీలు మాత్రమే గలగలలాడే రోజుల్లో ఒక పొద్దున ఆమె నంబరు మోగింది.

"అమ్మాయ్."

"చెప్పండి మేడమ్." ఆమె వెనకాల ఎక్కడో మైకులో గోవింద నామాలు వినపడుతున్నాయి. "ఆరోజు మీకు నేను అబద్ధం..."

"అది వదిలెయ్. పత్రిక చదివాను. వెంటనే చేద్దామనుకున్నా, చేయలేకపోయాను. నువ్వెట్లా ఉన్నావు?"

వచ్చినవాళ్లు తిన్నావా అని అడిగారు. పడుకున్నావా అన్నారు. ఇద్దత్ ఎప్పటికి అయిపోతుంది, అయ్యాక పుట్టింటికి పోతావా, ఇక్కడే ఉంటావా అన్నారు. ఎవరూ తక్కువ చేయలేదు. ఈ మాట మాత్రం ఎవరూ అడిగినట్టు లేదు, లేదా అడిగినా నేను వినలేదేమో. 'బాగున్నాను మేడమ్' అని నోటిదాకా వచ్చేసింది, దాని అలవాటు కొద్దీ. పళ్ల వెనక ఆపాను.

"బాగలేను మేడమ్" అన్నాను.

ఆమె ఫోన్ పెట్టెయ్యలేదు. నేను ఇంకోసారి అన్నాను. ఈసారి గొంతు నాది కానట్టు పెద్దగా వచ్చింది, దాని వెనకే ఇన్ని నెలలదీ ఒక్కసారిగా వచ్చేసింది. వరండాలో అమ్మీ దబ్బనాన్ని పట్టకు గుచ్చి పెట్టి, అద్దాలు తీసి, లేచి లోపలికి వచ్చింది.